ఐసీయూలో యూరిన్ బ్యాగ్‌ను చదవడం ఎలా: కిడ్నీ దెబ్బను రిపోర్టు కంటే ముందే పట్టుకునే పద్ధతి

ఐసీయూలో పొద్దున్నే అందరి చూపూ క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే అంకె) రిపోర్టు మీదే ఉంటుంది. 1.0 అని వస్తే కిడ్నీలు బాగున్నాయని రాసేసి పక్క బెడ్డుకు వెళ్తారు. అయితే కిడ్నీకి దెబ్బ తగిలిన వెంటనే క్రియాటినిన్ పెరగదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. కిడ్నీ సగం పని మానేసేదాకా ఆ అంకె మామూలుగానే కనబడవచ్చు. సెలైన్లు ఎక్కువ ఎక్కించిన పేషెంట్‌లో రక్తం పల్చబడి ఇంకా ఆలస్యమవుతుంది. ఆ రెండు రోజుల్లోనే మనం ఏదైనా చేయగలం. ఆ సమయంలో నిజం చెప్పేది మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్.

కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం జీజీహెచ్, కడప రిమ్స్ లాంటి చోట్లా, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరుల్లోని చిన్న ఐసీయూల్లోనూ రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. 2015లో 33 దేశాల్లోని 97 ఐసీయూల లెక్కలు తీస్తే, చేరిన వారిలో 57 శాతం మందికి మొదటి వారంలో ఏదో ఒక స్థాయిలో కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది. అంటే ఇది ప్రతి రాత్రీ మీ వార్డులో జరుగుతున్న విషయం.

ముందు గంటగంటకూ కొలవండి

ఖరీదైన పరీక్షల సంగతి తర్వాత చూద్దాం. అన్నిటికంటే పాతదీ, చవకైనదీ, ఈరోజుకీ తిరుగులేనిదీ గంటకు ఎంత మూత్రం వచ్చిందన్న లెక్కే. దానికి యూరోమీటర్ ఉన్న బ్యాగ్ కావాలి. అంటే పెద్ద సంచికి పైన గీతలున్న చిన్న డబ్బా ఉండేది. అది లేకుండా మామూలు బ్యాగ్ మీద ఉన్న 100, 200 గీతలు చూసి గంట లెక్క రాస్తే అది ఊహే అవుతుంది. యూరోమీటర్ దొరకని చోట ప్రతి గంటా బ్యాగ్‌ను కొలజాడీలోకి వంచి కొలవండి. గ్లవ్స్ మార్చుకోండి. ఒక్కో బెడ్డుకు ఒక్కో జాడీ ఉంచండి, లేకపోతే ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటుకుంటుంది.

డబ్బా గీతను కంటికి సమానమైన ఎత్తులో పెట్టి చదవండి. నిలబడి పై నుంచి చూస్తే నాలుగైదు మి.లీ. తేడా వస్తుంది. గంటకు 25 వచ్చే మనిషిలో అది పెద్ద తేడాయే. చదివాక ఆ డబ్బాను కింది సంచిలోకి ఖాళీ చేస్తేనే వచ్చే గంట లెక్క సరిగ్గా వస్తుంది.

గుర్తుపెట్టుకోవలసిన హద్దు ఒక్కటే: కిలో బరువుకు గంటకు అర మి.లీ. అంతకంటే తక్కువగా 6 గంటలు సాగితే, కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2012లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం అది మొదటి దశ కిడ్నీ దెబ్బ, క్రియాటినిన్ ఎంత ఉన్నా సరే. 12 గంటలు సాగితే రెండో దశ. కిలోకు 0.3 మి.లీ. కంటే తక్కువగా 24 గంటలు సాగినా, 12 గంటలపాటు అసలే రాకపోయినా మూడో దశ. బాగా లావుగా ఉన్న మనిషికి అసలు బరువుతో కాకుండా ఎత్తుకు తగ్గ బరువుతో లెక్క వేయండి, లేకపోతే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 60 కిలోల రైతు, న్యుమోనియాతో వచ్చాడు, బీపీ తక్కువ. ఇతని హద్దు గంటకు 30 మి.లీ. రాత్రి 10కి 45, 11కి 35, తర్వాత 12 నుంచి తెల్లవారి 5 దాకా వరుసగా 28, 25, 22, 20, 18, 15. షిఫ్టు చివర మొత్తం కూడి 208 అని ఒక్క అంకె రాస్తే ఎవరికీ అనుమానం రాదు. గంటల వారీగా రాస్తే 12 నుంచి దిగజారుతున్న వరుస కళ్లకు కడుతుంది. 6 గంటలకు కనీసం 180 రావలసింది, వచ్చింది 128. తెల్లవారి 5కే ఇతను మొదటి దశలో ఉన్నాడు. 6 గంటలకు తీసే రక్తంలో క్రియాటినిన్ 1.0 వచ్చినా ఆశ్చర్యం లేదు. నిజానికి ఆరు గంటలు నిండేదాకా ఆగనక్కర్లేదు. హద్దు కింద మూడో అంకె పడగానే, అంటే రాత్రి 2 గంటలకే, డ్యూటీ డాక్టర్‌ను లేపండి. కసురుకున్నా లేపండి.

అయితే లేపే ముందు ఒక పని చేయాలి. ట్యూబు మడతపడిందా, బ్యాగ్ మంచం కంటే ఎత్తులో ఉందా, కాథెటర్‌లో రక్తపు గడ్డ అడ్డుపడిందా చూడండి. గంటకు 50 వస్తున్నది ఒక్కసారిగా సున్నా అయితే అది అడ్డంకి కాదని తేలేదాకా అడ్డంకి అనే అనుకోవాలి. పొత్తికడుపు మీద చేయి వేసి చూడండి, అల్ట్రాసౌండ్ ఉంటే ఇంకా మంచిది. మెల్లగా తగ్గేదే కిడ్నీ మాట. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్, మానిటాల్ ఇచ్చిన పేషెంట్‌లోనూ, షుగర్ 400 ఉన్న పేషెంట్‌లోనూ మూత్రం బాగా వస్తున్నంత మాత్రాన ధైర్యం తెచ్చుకోవద్దు. అది మందు వల్లో, షుగర్ వల్లో వస్తున్న నీరు.

పిట్స్‌బర్గ్‌లో 32,000 మందికి పైగా పేషెంట్లను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇదే: మూత్రం తగ్గి క్రియాటినిన్ కూడా పెరిగినవారి పరిస్థితి అందరికంటే అధ్వానం, క్రియాటినిన్ పెరగకుండా మూత్రం ఒక్కటే తగ్గినవారికి కూడా ముప్పు ఉంది. అందుకే ఆ చార్టులోని ప్రతి గడినీ నింపమని ఇంతగా చెబుతున్నాను.

రంగు చూడండి, తర్వాత డిప్‌స్టిక్ ముంచండి

మన ప్రాంతంలో మూత్రం రంగుకు ఉన్న విలువ పుస్తకాల్లో రాసిన దానికంటే ఎక్కువ. ఎందుకంటే మన ఐసీయూలకు వచ్చే కేసులు అలాంటివి. నల్లమల అంచు ఊళ్ల నుంచి రక్తపింజరి కాట్లు, మే నెలలో వడదెబ్బ, ఏడాది పొడుగునా విషాలు.

మూత్రం కోకాకోలా రంగులో ఉందనుకోండి. డిప్‌స్టిక్‌లో, అంటే మూత్రంలో ముంచితే రంగు మారే పరీక్ష పట్టీలో, రక్తం మూడు ప్లస్‌లు చూపించింది. స్లైడ్ మీద చూస్తే ఎర్ర రక్తకణాలు లేవు. అంటే అది రక్తం కాదు. కండరాలు కరిగి వచ్చిన మయోగ్లోబిన్, లేదా రక్తకణాలు పగిలి వచ్చిన హిమోగ్లోబిన్. రెంటినీ విడదీయడానికి అదే సమయంలో తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేలిన సీరం చూడండి. అది గులాబీ రంగులో ఉంటే కణాలు పగిలాయి, పాముకాటులో ఇది చూస్తాం. సీరం మామూలు రంగులో ఉంటే కండరాలు, వెంటనే సీపీకే (కండరాలు కరిగితే రక్తంలో పెరిగే ఎంజైము) పరీక్షకు పంపాలి. సీపీకే 5,000 దాటితే కిడ్నీకి ముప్పు ఎక్కువని లెక్క. అప్పుడు సెలైన్ ధారాళంగా ఇచ్చి గంటకు 200 నుంచి 300 మి.లీ. మూత్రం వచ్చేలా చూస్తారు. ఇలాంటి పేషెంట్‌కు అర మి.లీ. హద్దు సరిపోదన్న సంగతి నైట్ సిస్టర్‌కు నోటితో చెప్పి, చార్టు పైన ఎర్ర ఇంకుతో రాయండి.

జుట్టుకు వేసుకునే నల్లరంగు తాగి వచ్చేవారు మన దగ్గర తక్కువేం కాదు. ముఖం, మెడ వాచి ఊపిరి ఆడక వస్తారు కాబట్టి అందరి దృష్టీ గొంతు మీదే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ట్యూబు వేసి ఊపిరి కుదుటపడిన గంటకే బ్యాగ్ వైపు చూడండి. ఆ రంగులోని పదార్థం కండరాలను కరిగిస్తుంది, మూత్రం చాక్లెట్ రంగుకు మారుతుంది. వాపు తగ్గిందని ఇంటికి పంపాక కిడ్నీలు పోయి తిరిగి వస్తే చేయగలిగింది తక్కువ.

గడ్డిమందు, అంటే పారాక్వాట్, తాగినవారి విషయంలో మూత్రమే అసలు పరీక్ష. మూత్రానికి కాస్త క్షారం కలిపి సోడియం డైథయొనైట్ పొడి వేస్తే, పారాక్వాట్ ఉంటే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదురైతే ఒంట్లోకి అంత ఎక్కువ వెళ్లిందని. వేసిన వెంటనే నల్లనీలం అయితే బతికే ఆశ చాలా తక్కువ. తాగి 6 గంటలు దాటాక తీసిన మూత్రంలో రంగే రాకపోతే పెద్ద మోతాదు వెళ్లి ఉండదని కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఈ పొడి గాలి తగిలితే పాడవుతుంది. తెరిచి నెలలు దాటిన డబ్బాతో చేస్తే విషం ఉన్నా రంగు రాదు. కాబట్టి ప్రతిసారీ ఇంకొక గొట్టంలో పారాక్వాట్ కలిపిన నమూనా పెట్టి, అందులో నీలం వస్తోందో లేదో చూసుకున్నాకే రిపోర్టు ఇవ్వండి. ఇంకో మాట. ఈ పేషెంట్లు చాలామంది మొదటి రోజు పూర్తి తెలివితో ఉంటారు, మనతో మాట్లాడుతుంటారు. ఆ గొట్టం రంగును వారి మంచం దగ్గర నిలబడి చర్చించకండి.

నమూనా తీసే తీరు

పరీక్ష ఎంత గొప్పదైనా బ్యాగ్‌లోంచి వంచిన మూత్రంతో చేస్తే వృథా. బ్యాగ్‌లో ఉన్నది గంటల తరబడి నిలవ ఉన్నది, అందులో కణాలు పగిలిపోయి ఉంటాయి, క్రిములు పెరిగి ఉంటాయి. కాథెటర్ ట్యూబుకు ఉండే శాంపిల్ పోర్టుకు కిందుగా 15 నిమిషాలు క్లాంప్ వేయండి. పోర్టును స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. స్టెరైల్ సిరంజితో 10 మి.లీ. లాగండి. క్లాంప్ తీయడం మరిచిపోకండి, ఇది తరచూ జరిగే పొరపాటు. తీసిన టైము సీసా మీద రాయండి. లాసిక్స్ ఇచ్చి ఉంటే అదీ రాయండి, ఎందుకంటే ఆ తర్వాత మూత్రంలో సోడియం లెక్కకు అర్థం ఉండదు. యూరియా లెక్క కొంత మేలు.

రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. కర్నూలు ఎండ 42 దాటిన మధ్యాహ్నం వార్డు బాయ్ చేతికిచ్చిన సీసా కిటికీ పక్కన అరగంట కూర్చుందంటే అది నమూనా కాదు. టీకాలు తీసుకెళ్లే ఐస్ డబ్బా లాంటిది ఒకటి ఐసీయూలో ఉంచుకోండి. హైదరాబాదు ల్యాబ్‌కు పంపే నమూనాను ముందుగా సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న తేట ద్రవాన్నే వేరే గొట్టంలోకి తీసి, చల్లగా పంపాలి. కణాలతో సహా పంపితే దారిలో అవి పగిలి అంకెను పెంచేస్తాయి.

మైక్రోస్కోపు దగ్గర కూర్చోండి

10 మి.లీ. మూత్రాన్ని 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మీద 5 నిమిషాలు తిప్పండి. పైన తేట వంచేసి, మిగిలిన అర మి.లీ.ను కదిపి ఒక చుక్క స్లైడ్ మీద వేయండి. మట్టి రంగులో గరుకుగా, మొద్దుగా కనిపించే గ్రాన్యులర్ కాస్ట్‌లు (కిడ్నీ గొట్టాల్లో అచ్చుపోసినట్టు ఏర్పడే ముక్కలు), గొట్టాల గోడల నుంచి ఊడివచ్చిన కణాలు కనబడితే కిడ్నీ గొట్టాలు చచ్చిపోతున్నాయని అర్థం. స్లైడ్ శుభ్రంగా ఉండి, మూత్రం మాత్రమే తక్కువగా ఉంటే నీళ్లు చాలక, బీపీ చాలక తగ్గి ఉండవచ్చు, సరిచేస్తే తిరిగి వస్తుంది. ఒక ఫీల్డ్‌లో ఇవి ఎన్ని ఉన్నాయన్నది కూడా రాయండి. ఎక్కువ ఉన్న కొద్దీ దెబ్బ ముదిరే అవకాశం ఎక్కువ. ఈ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి మెడికల్ కాలేజీలో మైక్రోస్కోపు ఉంది. మిషన్ ప్రింటు ఇచ్చే రిపోర్టు ఈ కాస్ట్‌లను చాలాసార్లు వదిలేస్తుంది కాబట్టి కంటితో చూసే అలవాటును పోనివ్వవద్దు.

ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి గురించి క్లుప్తంగా చెబుతాను. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒంటినంతా దెబ్బతీసే స్థితిలో, రక్తనాళాల లోపలి పొర ఒళ్లంతా దెబ్బతింటే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కారుతుంది, అది మూత్రంలో కనిపిస్తుంది. చేరగానే ఒకసారి, 24 గంటలకు ఒకసారి చేయించండి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మి.గ్రా. దాటి ఉండి, రెండో రోజుకు కూడా దిగకపోతే మంచి సూచన కాదు. షుగర్ జబ్బు ముందునుంచీ ఉన్నవారిలో, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో ఈ అంకెను పట్టుకుని వేలాడవద్దు.

కొత్త బయోమార్కర్లు ఎప్పుడు పంపాలి

బయోమార్కర్లంటే దెబ్బను ముందే సూచించే పదార్థాలు. ఎన్‌గాల్ అనే ప్రొటీన్ కిడ్నీ గొట్టాలకు దెబ్బ తగిలిన రెండు గంటల్లోనే మూత్రంలో పెరుగుతుంది. 2005లో గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల మీద చేసిన పరిశీలనతో దీనికి పేరొచ్చింది. వారిలో క్రియాటినిన్ పెరగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టింది. కానీ తెల్ల రక్తకణాల్లోనూ ఎన్‌గాల్ ఉంటుంది. డిప్‌స్టిక్‌లో ల్యూకోసైట్లు, అంటే ఆ తెల్ల కణాలు, పాజిటివ్ ఉన్న మూత్రంలో ఎన్‌గాల్ ఎక్కువుందంటే అది కిడ్నీ దెబ్బో, ఇన్ఫెక్షనో తేల్చలేం. ఐసీయూలో కాథెటర్ ఉన్న సెప్సిస్ పేషెంట్‌కు ఇది మామూలు పరిస్థితే. అందుకే ఎన్‌గాల్ పంపే ముందు డిప్‌స్టిక్ చూడండి.

టింప్-2, ఐజీఎఫ్‌బీపీ-7 అనే రెండు ప్రొటీన్లను కలిపి లెక్కించే నెఫ్రోచెక్ పరీక్షకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. కిడ్నీ కణాలు ఒత్తిడిలో ఉన్నప్పుడు, అంటే చావకముందే, ఇవి బయటికి వస్తాయి. ఫలితం 0.3 దాటితే రాబోయే 12 గంటల్లో రెండో, మూడో దశకు వెళ్లే ముప్పు ఉన్నట్టు. 2.0 దాటితే ఆ ముప్పు మరీ ఎక్కువ. సీసీఎల్-14 అనే ఇంకో బయోమార్కర్ వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ మూడు రోజుల్లో కోలుకుంటుందా, లేదా? 2020లో వచ్చిన రూబీ అధ్యయనం దీనిమీదే.

ఈ పరీక్షలు మన దగ్గర అన్నిచోట్లా దొరకవు, దొరికినా పేషెంట్ జేబుకు భారమే. పంపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఫలితం పాజిటివ్ వస్తే ఈ రాత్రి నేను ఏం మారుస్తాను? జవాబు లేకపోతే పంపవద్దు. అప్పుచేసి ఐసీయూ బిల్లు కడుతున్న కుటుంబం మీద ఉత్సుకత కోసం ఇంకో పరీక్ష రుద్దడం నాకు ఇష్టం లేదు. జవాబు ఉంటే, ఉదాహరణకు కిడ్నీకి హాని చేయగల అమికాసిన్ ఇంజెక్షన్‌ను రేపు ఆపడమో, రంగుమందు ఎక్కించి చేసే కాంట్రాస్ట్ సీటీ వాయిదా వేయడమో ఆ ఫలితం మీద ఆధారపడి ఉంటే, ధైర్యంగా పంపండి. క్రియాటినిన్ మామూలుగా ఉన్నా బయోమార్కర్ పాజిటివ్ వస్తే దానిని 1ఎస్ అనే దశగా లెక్కించమని 2020లో నిపుణుల బృందం సూచించింది.

బయోమార్కర్ లేని చోట లాసిక్స్ పరీక్ష

మన ఐసీయూలకు అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం. ఇది కేవలం డాక్టర్ నిర్ణయంతో చేయాల్సింది. మొదటి, రెండో దశలో ఉన్న పేషెంట్‌కు ముందు నీటి లోటు తీర్చాలి. ఒళ్లు ఎండిపోయి ఉన్నవారికి, బీపీ నిలబడనివారికి చేయనేకూడదు. గత వారంలో లాసిక్స్ తీసుకోకపోతే కిలోకు 1 మి.గ్రా., తీసుకుని ఉంటే 1.5 మి.గ్రా. ఒకేసారి ఐవీ. రెండు గంటలు, ప్రతి గంటా కొలవండి. రెండు గంటలకు కలిపి 200 మి.లీ. కంటే తక్కువ వస్తే మూడో దశకు వెళ్లే అవకాశం ఎక్కువ. 2013లో మొదట దీన్ని పరీక్షించినప్పుడు సెన్సిటివిటీ (ముదిరేవారిని పట్టుకోవడం) 87, స్పెసిఫిసిటీ (ముదరనివారిని సరిగ్గా గుర్తించడం) 84 శాతం వచ్చింది. తర్వాతి ఆరు గంటలు, ఒంట్లో నీరు తగ్గించాలన్న ఉద్దేశం లేకపోతే, వచ్చిన మూత్రానికి సమానంగా సెలైన్ ఇవ్వాలి. పొటాషియం చూడాలి.

ముప్పు ఉందని తేలితే

అమికాసిన్, జెంటామైసిన్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చార్టులో ఉన్నాయేమో ఆ నిమిషమే వెతకండి. నొప్పికి డైక్లో అన్నది అలవాటుగా రాసే మందు కాబట్టి ముందు అదే చూడండి. సగటు బీపీ 65కు తగ్గకుండా ఉంచండి. నీళ్లు తక్కువా, ఎక్కువా కాకుండా చూడండి. షుగర్ పెరగనివ్వకండి. ఇవి చిన్న పనులే. అయినా 2017లో జర్మనీలో గుండె ఆపరేషన్ అయినవారిలో బయోమార్కర్ పాజిటివ్ వచ్చినవారికి ఇవే క్రమంగా చేస్తే కిడ్నీ దెబ్బ 72 శాతం నుంచి 55 శాతానికి తగ్గింది.

ముప్పు ఉందని తెలిసింది కదా అని డయాలసిస్‌కు పరుగెత్తవద్దు. 2020 నాటి స్టార్ట్-ఏకేఐ అధ్యయనంలో దాదాపు 3,000 మందిలో ముందే డయాలసిస్ మొదలుపెట్టినవారిలో 90 రోజుల మరణాలు 43.9 శాతం, ఆగి చూసినవారిలో 43.7 శాతం. పొటాషియం పెరగడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, రక్తంలో ఆమ్లం పెరిగే యాసిడోసిస్ లాంటి అవసరం వచ్చినప్పుడే చేయాలి. లాసిక్స్ పరీక్ష ఫెయిలైన పేషెంట్‌ను డయాలసిస్ లేని ఊళ్లో మాత్రం ఉంచకండి. ఆదోని నుంచో, జమ్మలమడుగు నుంచో పంపాల్సి వస్తే పగలు, పేషెంట్ నిలకడగా ఉన్నప్పుడే, గంటల వారీ చార్టు జిరాక్సు తీసి చేతికిచ్చి పంపండి.

బయట బెంచీ మీద కూర్చున్న కొడుకు 'మా నాయన ఎట్లుండాడు సార్, ఒంటికి వస్తాందా?' అని అడుగుతాడు. ఆ ప్రశ్న సరైన ప్రశ్నే. 'వస్తోంది, కానీ రావాల్సినంత లేదు. కిడ్నీ అలసిందని గుర్తులున్నాయి. హాని చేసే మందులు ఆపాం, రేపు సాయంత్రానికి తెలుస్తుంది' అని చెప్పండి. ఏ పరీక్షా ఒక మనిషి బతుకుతాడో లేదో ఖాయంగా చెప్పదు. నెఫ్రోచెక్ 0.3 అనే అంకెను పట్టుకుని ఇంటికి తీసుకెళ్లండని అనడం తప్పు.

కోలుకుని ఇంటికి వెళ్లేవారి డిశ్చార్జి కాగితంలో ఒక వాక్యం పెద్ద అక్షరాలతో రాయండి: మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి చేయించుకోవాలి. తర్వాతి ఏళ్లలో కిడ్నీ జబ్బు ముదురుతుందా అన్నది ఆ రెండో అంకె బాగా చెబుతుంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దని, ఎండాకాలం పొలం పనికి పోయేటప్పుడు నీళ్లు వెంట తీసుకుపోవాలని నోటితో చెప్పి, ఆ తేదీని వారి ఫోన్‌లో అక్కడే అలారం పెట్టించండి.